కెన్నెత్ ఐవర్సన్ : జీవితము, సంకేతభాష

గణితశాస్త్ర గ్రంథాలలో ఒక సంఖ్యకు ఇరువైపులా నిలువు గీతలు గీచి, వాటి పాదాల వద్ద మాత్రం లోపలికి చిన్న కొక్కేలు తిప్పిన గుర్తును మన విద్యార్థినీ విద్యార్థులు చూచే ఉంటారు. సంఖ్యలో భిన్నభాగం ఉంటే దానిని దిగువనున్న పూర్ణాంకానికి దించమని ఆ గుర్తుకు అర్థం. కొక్కేలు పైన ఉంటే ఎగువనున్న పూర్ణాంకానికి ఎత్తమని అర్థం. ఒకదానికి ఇంటి నేల అనీ, రెండవదానికి ఇంటి కప్పు అనీ అర్థమిచ్చే పేర్లు పెట్టి 1962లో వీటిని లోకానికి అందించిన వ్యక్తి కెన్నెత్ యూజీన్ ఐవర్సన్. గుర్తులు తెలిసినవారు లక్షల మంది ఉండగా ఆయన పేరు తెలిసినవారు మన ప్రాంతంలో అరుదు. మనిషి ఒక పంక్తి వ్రాయగానే యంత్రం వెంటనే బదులు చెప్పే పద్ధతికి ఈయన సంకేతభాష ఎట్లా చేరుకున్నదో తెలిపే కథను విద్యార్థుల ముందుంచాలని మేము సంకల్పించాము.

ఐవర్సన్ 1920 డిసెంబరు 17వ తేదీన కెనడా దేశంలోని ఆల్బర్టా రాష్ట్రంలో, కామ్‌రోజ్ పట్టణ సమీపాన ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. చదివినది ఒకే గది ఉన్న పల్లెబడిలో. చురుకైన బాలుడగుటచే చిన్న తరగతులను గబగబా దాటారు గాని, తొమ్మిదవ తరగతితో చదువు ఆగిపోయింది. అవి ఆర్థికమాంద్యపు రోజులు. పొలంలో పనికి చేతులు కావలసివచ్చాయి. వేరొక కారణం కూడా ఉన్నది. పై చదువులు చదివితే చివరకు బడిపంతులు కావటం తప్ప మరో దారి లేదని ఆ బాలుడు తలచాడు. ఆ ఉద్యోగం అతనికి ఇష్టం లేదు. ఉపాధ్యాయవృత్తిలో ఉన్న మాకు ఈ మాట కొంత చురుక్కుమనిపించినా, తరువాతి కథ తెలిసినందున నవ్వుకొని ఊరుకుంటున్నాము.

పదిహేడవ యేట పొలం పనులు చేసుకుంటూనే, షికాగోలోని ఒక సంస్థవారు తపాలా ద్వారా నేర్పే రేడియో విద్యలో చేరారు. కలనగణితాన్ని పుస్తకం ముందు పెట్టుకొని, గురువు లేకుండా నేర్చుకున్నారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో కెనడా వైమానిక దళంలో పనిచేస్తూ, ఆగిపోయిన ఉన్నత పాఠశాల చదువును మళ్ళీ తపాలా పాఠాలతోనే అందుకున్నారు. యుద్ధం ముగిసిన పిమ్మట మాజీ సైనికులకు విశ్వవిద్యాలయ విద్యకై ప్రభుత్వం సహాయం ప్రకటించింది. ఆ అవకాశం వదులుకుంటే తల పగులగొడతానని తోటి సైనికుడొకరు ఆయనను బెదిరించారట! అటువంటి మిత్రులు అందరికీ దొరకరు. క్వీన్స్ విశ్వవిద్యాలయం నుండి 1950లో గణిత, భౌతిక శాస్త్రాలలో ప్రథముడుగా పట్టభద్రులై, అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో 1951లో ఎం.ఏ., 1954లో డాక్టరేటు పొందారు. కంప్యూటరు నిర్మాతలలో ఒకరైన హోవర్డ్ ఐకెన్, తరువాత 1973లో నోబెల్ బహుమతి నందుకున్న ఆర్థికశాస్త్రవేత్త లియాంటీఫ్ ఆయనకు మార్గదర్శకులు. ఆర్థికవ్యవస్థను వర్ణించే సమీకరణాలను యంత్రంచేత సాధింపజేయటం పరిశోధనాంశం. అంకెలను ఒక్కొక్కటిగా గాక వరుసలుగా, పట్టికలుగా పట్టుకొని ఆలోచించే అలవాటు ఆయనకు ఈ పరిశోధనలో బలపడినది.

బడిపంతులు కానన్నవారు హార్వర్డులో అధ్యాపకులైనారు. కంప్యూటరు విద్యను తరగతిగదిలో బోధించబోతే, నల్లబల్లమీద వ్రాసే గణితలిపి ఆయనకు చాలలేదు. ఆ లిపిలో ఒక్కొక్క క్రియకు ఒక్కొక్క ఆచారం. గుణకారానికి రెండు అక్షరాలు పక్కపక్కన ఉంచితే చాలు. ఘాతానికి అంకెను పైకెత్తాలి. భాగహారానికి గీత కింద వ్రాయాలి. ఇది చిన్ననాటి నుండి అలవాటైన మనకు వింతగా తోచదు. కొత్తగా నేర్చేవానికి మాత్రం ఇదొక వ్యాకరణం లేని భాష. ఐవర్సన్ అన్నిటికీ ఒకే సూత్రం ఉన్న లిపిని తానే కల్పించటం మొదలుపెట్టారు. విశ్వవిద్యాలయం దానిని గొప్పగా లెక్కించలేదు. ఒక్క చిన్న పుస్తకం తప్ప ప్రచురణలు లేవన్న కారణాన అయిదేళ్ళ తరువాత ఆయనకు స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1960లో ఐ.బి.ఎం. సంస్థ పరిశోధనశాలలో చేరారు. 1962లో వెలువడిన ఆయన గ్రంథం పేరులోని మూడు మాటల తొలి అక్షరాలే తరువాత ఆ భాషకు పేరైనాయి: ఎ.పి.ఎల్.

ఇక్కడ విద్యార్థులు ఒక విషయం గమనించాలి. ఆనాటికి ఈ లిపిని అర్థం చేసుకొనే యంత్రం ఏదీ లేదు. అది మనిషి మనిషికి చెప్పుకొనుటకు పుట్టిన వ్రాత. 1964లో సహచరుడు ఆడిన్ ఫాల్కాఫ్ మొదలైనవారితో కలిసి ఐ.బి.ఎం. వారి కొత్త యంత్రం సిస్టమ్ 360 నిర్మాణాన్ని ఈ లిపిలోనే వర్ణించారు. అదే యేడు ఒక ఉన్నత పాఠశాల పిల్లలకూ దీనితో పాఠం చెప్పారు.

ఆ రోజులలో సాధారణంగా కంప్యూటరుకు పని చెప్పటమంటే, ఆదేశాలను అట్టలపై చిల్లులుగా పొడిచి, కట్టగట్టి యంత్రశాలలో ఇచ్చి, ఫలితానికై గంటల తరబడి ఎదురుచూడటమే. ఒక్క చిల్లు తప్పయితే మళ్ళీ మొదలు. కొన్ని భాషలకు అనువాదకుడు గ్రంథమంతా ముందుగా తర్జుమా చేసి ఇస్తాడు. ఇంటర్‌ప్రెటర్ అట్లా కాదు. అది దుబాసీ వంటిది. మాట మాటకూ పక్కనే నిలబడి ఇటుది అటు చెబుతుంది. 1965లో లారీ బ్రీడ్, ఫిలిప్ ఏబ్రమ్స్ ఈ లిపికి ఒక దుబాసీని తయారుచేశారు. 1966 నవంబరు చివరికి బ్రీడ్, లాత్‌వెల్, రోజర్ మూర్ కలిసి, అనేకులు ఏకకాలంలో ఒకే యంత్రంతో సంభాషించగల వ్యవస్థను సిద్ధం చేశారు. ఈ ముగ్గురికి 1973లో గ్రేస్ హాపర్ పేరిట గల బహుమతి లభించింది.

సంభాషణ జరిగినది టైపు మిషను మీదనే. అచ్చు అక్షరాలు ఒక చిన్న బంతిపై ఉండేవి. ఐవర్సన్ గుర్తుల కోసం ప్రత్యేకంగా బంతి పోతపోయించారు. బంతిపై 88 గుర్తులకే చోటు. చాలనప్పుడు ఒక గుర్తు కొట్టి, వెనుకకు జరిపి, దానిపైనే మరొకటి కొట్టేవారు. తెలుగు టైపు మిషను మీద అక్షరానికి ఒత్తు చేర్చినట్లన్నమాట. యంత్రం ఆరు ఖాళీలు లోపలికి జరిగి నిలిచినదంటే మనిషి వంతు. తన బదులును అది అంచునుండే వ్రాసేది. కాగితం చూస్తే ఎవరి మాట ఏదో తెలిసిపోయేది.

నలుగురు విద్యార్థుల మార్కులు 35 48 62 71 అనుకొందాం. వాటిని వరుసగా వ్రాసి +5 అని చేరిస్తే 40 53 67 76 అని వెంటనే బదులు వస్తుంది. ఒక్కొక్క అంకెను తీసి కలపమని చెప్పవలసిన పని లేదు. వరుస అంతా ఒకే వస్తువు. వరుసకు ముందు +/ అని వ్రాస్తే మొత్తం 216. దానిని కుండలీకరణాలలో ఉంచి ÷4 అంటే సగటు 54. కూడిక గుర్తు స్థానంలో ఇంటి కప్పు గుర్తు పెడితే అన్నిటిలో పెద్దదైన 71. నాలుగు అంకెల వరుసకు మూడు అంకెల వరుసను కలపబోతే పొడవు కుదరలేదని చెప్పి, తప్పు ఉన్నచోట కింద గుర్తు పెట్టి చూపిస్తుంది. పది మంది ఎదుట తప్పు చెప్పటానికి సిగ్గుపడే విద్యార్థి యంత్రం ముందు సిగ్గుపడడు. సరిదిద్ది మరొక పంక్తి వ్రాస్తాడు. చేసిన పనిని ఒక పేరుతో దాచుకొని, మరునాడు ఆ పేరు చెప్పి పిలిస్తే విడిచినచోటి నుండి కొనసాగించవచ్చు.

ఈ భాషలో గుణకారం ముందు, కూడిక తరువాత అనే నియమం లేదు. కుడి చివరనుండి లెక్క సాగుతుంది. 2×3+4 అంటే మనం 10 అంటాము, అది 14 అంటుంది. కుడినుండి ఎడమకు చదివే ఉర్దూ విద్యార్థులకు ఇది వినోదంగా ఉండవచ్చు!

విమర్శకులూ లేకపోలేదు. నెదర్లాండ్స్‌కు చెందిన ప్రసిద్ధ కంప్యూటరు శాస్త్రవేత్త డైక్‌స్ట్రా ఈ భాషను కటువుగా నిందించారు. ఒక్క పంక్తిలో ఎంతో ఇమిడ్చి, మరునాటికి వ్రాసినవారికే అర్థంగాకుండా చేసే ప్రలోభం ఇందులో ఉన్నమాట నిజమే. అయితే అది లిపి దోషం కన్నా వ్రాసేవారి దోషమని మా అభిప్రాయం. మన చిత్రకవిత్వంలోనూ ఇట్టి ప్రలోభం లేదా?

1979లో ఐవర్సన్‌కు కంప్యూటరు రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ బహుమతి లభించింది. ఆ సందర్భంలో ఆయన ఎన్నుకున్న విషయం యంత్రం కాదు. ఆలోచనకు పనిముట్టుగా సంకేతలిపి. 1980లో ఐ.బి.ఎం.ను విడిచి కెనడాలోని టొరాంటోలో ఐ.పి. షార్ప్ సంస్థలో చేరి, 1987లో విరమించారు.

విశ్రాంతి తీసుకోదగిన వయస్సులో ఆయన చేసిన పని మాకు అన్నిటికన్న విశేషంగా తోస్తున్నది. తన గుర్తుల కోసం ప్రత్యేకమైన మీటలు, అచ్చులు కావాలి. అవి ప్రతి పాఠశాలకూ అందవు. ముప్పదియేళ్ళు పెంచిన ఆ అందమైన గుర్తులను ఆయనే పక్కన పెట్టారు. 1989 వేసవిలో ఆర్థర్ విట్నీ అనే మిత్రుడు ఐవర్సన్ ఇంటికి వచ్చి, ఒక మధ్యాహ్నంలో ఒకే పుటలో ఒక చిన్న దుబాసీని వ్రాసి చూపారు. దానిని ఆధారం చేసుకొని రోజర్ హుయి అనే సహచరుడు ఐవర్సన్‌తో కలిసి జె అనే కొత్త భాషను నిర్మించారు. ఇందులో గుణకారానికి నక్షత్రం, భాగహారానికి శాతం గుర్తు. అన్నీ సామాన్యమైన మీటలపై ఉండేవే. తెలుగు బోధించే మాకు మరింత ఆసక్తి కలిగించినది దీని పరిభాష. అంకెల వరుస నామవాచకం. కూడిక క్రియ. ఆ క్రియ వరుస అంతటా ఎట్లా జరగాలో చెప్పే ఏటవాలు గీత క్రియావిశేషణం. కలిపేవి సముచ్చయాలు. గణితవేత్త చివరకు వ్యాకరణం తలుపు తట్టారు.

నేడు పైథాన్ భాషలో నంపై అనే సాధనంతో పట్టికలను ఒక్కపెట్టున కలిపే మన విద్యార్థులు, తెలియకనే ఈ ఆలోచనను వాడుకుంటున్నారు. జె భాష మూలప్రతి 2011లో అందరికీ స్వేచ్ఛగా విడుదలైనది. ఇంటి కంప్యూటరులో రుసుము లేకుండా నెలకొల్పుకోవచ్చు. దానితోపాటు ల్యాబులనే పాఠాలు వస్తాయి. అందులో ఒక్కొక్క పంక్తి కనిపిస్తుంది, యంత్రం బదులిస్తుంది, విద్యార్థి తానూ ఒకటి వ్రాసి చూడవచ్చు. 2004 అక్టోబరు 16న ఐవర్సన్ కంప్యూటరు ముందు కూర్చొని అటువంటి కొత్త పాఠం ఒకటి తయారుచేస్తుండగా పక్షవాతం వచ్చింది. 19వ తేదీన టొరాంటోలో, తన 83వ యేట కన్నుమూశారు.