ఇంటి తోటలో వేధశాల
(అంకితం వెంకట నరసింగరావు)

1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేది ఉదయమున మన దేశమున సంపూర్ణ సూర్యగ్రహణము సంభవించెను. చంద్రుని నీడ బిజాపూరు, వనపర్తి, మిర్యాలగూడ, గుంటూరు ప్రాంతముల మీదుగా సాగి మచిలీపట్టణము కడ సముద్రమును చేరెను. ఆ నీడ సాగిన దారి పొడవునను పట్టపగలే చీకటి క్రమ్మెను. గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, మచిలీపట్టణమున మద్రాసు వేధశాలాధిపతి పోగ్సన్, వనపర్తిలో ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి తమ తమ యంత్రములతో సిద్ధముగా నుండిరి. వారందరు ఆ కార్యమునకై నియుక్తులైన శాస్త్రజ్ఞులు.

ఆ నీడ విశాఖపట్టణమును తాకలేదు. అచ్చట సూర్యబింబములో కొంత భాగము మాత్రమే మరుగుపడెను. అయినను ఆ పట్టణమున ఒక గృహస్థు తన తోటలోని దూరదర్శినితో ఆ గ్రహణమును శ్రద్ధగా పరిశీలించెను. ఆ పనికి ఆయనను ఎవరును నియమింపలేదు, జీతమును ఇయ్యలేదు. ఆయనయే అంకితం వెంకట నరసింగరావు.

నరసింగరావు 1827లో జన్మించెను. ప్రభుత్వ కొలువున డిప్యూటీ కలెక్టరుగా పనిచేసెను. ఆయన మామగారైన గోడే వెంకట జగ్గారావు విశాఖపట్టణపు జమీందారు. జగ్గారావు యౌవనమున మద్రాసునకు పోయి, అచ్చటి వేధశాలాధిపతి యగు టెయిలరు వద్ద ఖగోళ విద్యను అభ్యసించెను. తిరిగి వచ్చి, 1840లో తన నివాసమందే వేధశాలను నెలకొల్పి, 4.8 అంగుళముల కటకము గల దూరదర్శినిని, గడియారములను, ఇతర యంత్రములను సమకూర్చెను. నేడు డాబాగార్డెన్సు అని పిలువబడు ప్రాంతమే ఆ స్థలము. కాని 1856లో, నలుబది యేండ్లయినను నిండకుండగనే, ఆయన కాలధర్మము నొందెను.

ఇట్టి తరుణమున అనేక గృహములందు జరుగునదేమి? యజమాని పోయిన పిదప ఆయన ముచ్చటపడి కొన్న వస్తువులు మూలబడును. సముద్రపు గాలికి ఇత్తడి భాగములు కిలుమెక్కును, కటకములకు బూజు పట్టును. నరసింగరావు మామగారి వేధశాలకు ఆ గతి పట్టనీయలేదు. ఆస్తితోపాటు ఆ విద్యయు తనకు సంక్రమించిన బాధ్యతయే యని భావించి, యంత్రముల నడుమ కూర్చుండి వాని మర్మములను నేర్చుకొనెను.

కొంతకాలమునకు కొత్త దూరదర్శిని యొకటి అవసరమయ్యెను. సాధారణముగా జనులు దూరదర్శినిని గూర్చి మొదట అడుగునది అది వస్తువులను ఎన్ని రెట్లు పెద్దవిగా చూపునని. నిజమునకు మొదట చూడవలసినది ముందుండు కటకపు వెడల్పు. కటకము ఎంత వెడల్పయిన అంత వెలుగును గ్రహించును. అంగుళమునకు ఏబది రెట్లకు మించి పెంచినచో బింబము పెద్దదగును గాని స్పష్టత తగ్గును. నరసింగరావు వేధశాలకు చేరిన కొత్త దూరదర్శిని ఇంగ్లండులోని కుక్ సంస్థ నిర్మించినది. దాని కటకము 6 అంగుళములు. పాతదానికంటె అంగుళమునకు కొంచెము మాత్రమే పెద్దది. అయినను అది గ్రహించు వెలుగు ఒకటిన్నర రెట్లు.

కటకమెంత మేలైనదైనను పీఠము కదలుచుండిన ప్రయోజనము లేదు. భూమి తిరుగుటచే నక్షత్రములు తూర్పునుండి పడమరకు జరుగుచున్నట్లు తోచును. చూచుచుండగనే దూరదర్శినిలోనుండి తప్పిపోవును. అందుచే ఈ యంత్రమును ధ్రువము వైపు వంచిన ఇరుసుపై అమర్చి, గడియారపు యంత్రముతో మెల్లమెల్లగా త్రిప్పు ఏర్పాటు చేసిరి. ఆ ఇరుసు వంపు ఆ స్థలపు అక్షాంశమునకు సమానముగా నుండవలయును. విశాఖపట్టణమునకు అది 17 భాగలకు పైచిలుకు. సూర్యాపేట, కోదాడలందును ఇంచుమించు అంతియే.

ఈ సిద్ధతకు పరీక్షా దినము 1874వ సంవత్సరము డిసెంబరు 9వ తేది. ఆ దినమున శుక్రగ్రహము సూర్యబింబమునకు అడ్డముగా పోవలసియుండెను. అట్టి సంగతి అంతకు ముందు 1769లో జరిగెను. నడుమ నూటయైదేండ్లు గడచెను. మరల 1882లో జరుగనున్నను అది మన దేశమున కనబడదు. ఆ పిమ్మట 2004 వరకు లేదు. కనుక ఆ ఉదయము మబ్బు పట్టినను, గడియారము తప్పినను, చేయి వణకినను, ఆయన జీవితమున మరియొక అవకాశము లేదు.

శుక్రుడు సూర్యుని అంచును తాకు క్షణమును, వీడు క్షణమును సెకనులతో సహా గుర్తింపవలయును. భూమిపై వేర్వేరు తావుల నుండి గుర్తించిన ఆ కాలములను పోల్చి, సూర్యుని దూరమును గణింతురు. గడియారము సరిగా నున్నదో లేదో తెలిసికొనుటకు రాత్రులందు నక్షత్రములు యామ్యోత్తర రేఖను దాటు వేళలను పరీక్షింతురు. ఒక ఉదయపు పనికి ముందు ఎన్నో రాత్రుల జాగరణ అవసరమని దీనివలన తెలియుచున్నది.

ఆ ఉదయమున సూర్యబింబపు వ్యాసములో ముప్పదియవ వంతు గల నల్లని చుక్క అంచున ప్రవేశించి, నాలుగు గంటలకు పైగా ప్రయాణము చేసి ఆవలికి వెడలెను. నరసింగరావు చూచినదానిని చూచినట్లు వ్రాసి లండనుకు పంపెను. అచ్చటి రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయన పరిశీలనలను తన పత్రికలో ప్రకటించెను. ఆ సంఘము 1871లోనే ఆయనను సభ్యునిగా స్వీకరించియుండెను.

ఆయన అంతటితో విశ్రమింపలేదు. 1868లోను, 1881లోను, 1891లోను బుధుడు సూర్యుని దాటుటను పరిశీలించెను. 1882 సెప్టెంబరులో కనబడిన గొప్ప తోకచుక్కను గమనించెను. వాతావరణ విశేషములను సయితము నమోదు చేయించెను. 1891 నాటికి ఆయన వయస్సు అరువది దాటియుండెను. ఆ మరుసటి యేడు, 1892లో, ఆయన దివంగతుడయ్యెను.

ఆ పిదప 1901లో హైదరాబాదున నవాబు జఫర్ జంగ్ తన సొంత ధనముతో వేధశాలను స్థాపించెను. నిజామియా వేధశాల అనునది అదియే. ఆయన తెప్పించిన పెద్ద దూరదర్శిని కటకము 15 అంగుళములు. కాని 1907లో నవాబు మరణించెను. ఆ యంత్రము 1922 వరకు పనిలోనికి రాలేదు. గొప్ప యంత్రమున్నంత మాత్రమున చాలదు. దానిని నిలిపి, నడపు చేతులు కావలయును.

మూడంగుళముల చిన్న దూరదర్శినియైనను చంద్రునిపై గుంటలను, గురుగ్రహపు నాలుగు చంద్రులను, శనిగ్రహపు వలయమును చూపగలదు. తగిన సూర్యరక్షక ఫలకమును ముందు అమర్చక దానితో సూర్యుని చూచుట మాత్రము కంటికి చేటు. ఇంటి మేడపై దానిని కదలకుండ నిలిపి, చూచినదానిని తేదీతో, వేళతో పుస్తకమున వ్రాసికొను బాలుడైనను, బాలికయైనను నరసింగరావు నడచిన త్రోవలో మొదటి అడుగు వేసినట్లే.