ఐదేళ్ల దాకా కప్పు లేదు.. అయినా మేనేజర్‌ను మార్చలేదు! ఆర్సెనల్ చాప్‌మన్ కథ ఇదీ

కొత్త మేనేజర్ వచ్చాక నాలుగు మ్యాచ్‌లు ఓడితే చాలు.. ఆయన్ను పంపించేయండంటూ ఫుట్‌బాల్ ఫ్యాన్స్ గోల మొదలుపెడతారు. కానీ ఆర్సెనల్ ఎదిగింది ఓపిక పట్టడం వల్లే.

హెర్బర్ట్ చాప్‌మన్ 1878లో ఇంగ్లాండ్‌లోని యార్క్‌షైర్‌లో పుట్టారు. బొగ్గు గని కార్మికుడి కొడుకు. హడర్స్‌ఫీల్డ్ టౌన్‌ను 1924, 1925లో వరుసగా లీగ్ విజేతగా నిలిపి, లండన్ క్లబ్ ఆర్సెనల్‌కు వచ్చారు. అప్పటికి ఆ క్లబ్ ఒక్క పెద్ద ట్రోఫీ కూడా గెలవలేదు. జట్టు కుదురుకోవడానికి ఐదేళ్లు పడుతుందని ఆయన ముందే చెప్పారంటారు.

1925 అక్టోబర్‌లో న్యూకాజిల్ చేతిలో 7-0తో చిత్తయ్యారు. దాంతో సీనియర్ ఆటగాడు చార్లీ బుకాన్ సలహా విని, సెంటర్ హాఫ్‌ను డిఫెన్స్‌లోకి దించారు. ఆ సీజన్‌లో రెండో స్థానం దక్కింది. ఇక కప్పు ఖాయమే అనుకుంటే.. తర్వాతి నాలుగు సీజన్లలో వరుసగా 11, 10, 9, 14 స్థానాలే! 1927 ఎఫ్ఏ కప్ ఫైనల్లోనూ కార్డిఫ్ చేతిలో ఓటమి. అయినా క్లబ్ ఆయన్ను కదపలేదు.

లీగ్‌లో 14వ స్థానానికి పడిపోయిన ఆ 1930లోనే తొలి కప్పు వచ్చింది. వెంబ్లీలో ఎఫ్ఏ కప్ ఫైనల్.. ఎదురుగా ఆయన పాత జట్టు హడర్స్‌ఫీల్డ్. ఆర్సెనల్ 2-0తో గెలిచింది. 1931, 1933లో లీగ్ టైటిళ్లూ వచ్చాయి.

1934 జనవరి 6న న్యుమోనియాతో 55 ఏళ్లకే చాప్‌మన్ కన్నుమూశారు. ఆయన తయారుచేసిన జట్టు ఆ ఏడాది, మరుసటి ఏడాది కూడా లీగ్ గెలిచింది. ఆ సంబరం చూడటానికి ఆయన లేరు.