డాక్టరు రిచర్డు బ్రైటు

ఒడలు నీరుపట్టి ఉబ్బుట పూర్వము ఒక ప్రత్యేకవ్యాధిగా నెంచఁబడెడిది. పెక్కుమంది రోగులయందు ఆ వాపునకు మూలము మూత్రపిండములలోనే కలదని నిరూపించిన మహనీయుఁడు రిచర్డు బ్రైటు.

ఈతఁడు 1789వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీని ఇంగ్లండునందలి బ్రిస్టలు నగరమున, సంపన్నుఁడగు వర్తకుని కుమారుఁడై జన్మించెను. ఎడింబరోలో విద్య నభ్యసించుచుండఁగా, 1810లో ఐస్‌లాండు ద్వీపమునకు పోయి, అచ్చటి ప్రకృతిని పరిశీలించి చిత్రములు గీసెను. 1813లో వైద్యపట్టమును పొందెను. పిమ్మట హంగేరీదేశమున సంచరించి, తన యాత్రావృత్తాంతమును 1818లో గ్రంథముగా ప్రకటించెను. కన్నదానిని కన్నట్లు వ్రాసియుంచుట యౌవనముననే ఈతని కలవడెను.

1820లో లండనునందలి గైసు ఆసుపత్రిలో సహాయవైద్యుఁడుగా చేరి, 1824లో అచ్చటి వైద్యులలో నొకఁడయ్యెను. వాపుతో వచ్చిన రోగి మూత్రమును చెంచాలో పోసి, క్రొవ్వొత్తి మంటపై కాఁచి చూచెడివాఁడు. కొందఱి మూత్రము తెల్లసొనవలె గడ్డకట్టెడిది. అట్టివారు మరణించిన పిదప దేహమును కోసి చూడఁగా, మూత్రపిండములు చెడియుండుట కాన్పించెను. బోస్టాకు అను వైద్యుఁడు రసాయనపరీక్షలు చేసి తోడ్పడెను. వాపు, మూత్రమున తెల్లసొనవంటి పదార్థము, చెడిన మూత్రపిండములు అను మూఁటికిఁ గల సంబంధమును 1827లో వెలువడిన తన గ్రంథమున బ్రైటు వర్ణచిత్రములతో వెల్లడించెను.

1842లో ఆ ఆసుపత్రియందు మూత్రపిండరోగులకై 2 వార్డులు, 42 పడకలు ఆఱు నెలలపాటు ప్రత్యేకింపఁబడెను. చేరువనే ప్రయోగశాలయు నుండెను. ఒకే వ్యాధిని పలువురు కలసి, ఒకచోట శోధించు పద్ధతి కిది మార్గదర్శకమయ్యెను.

ఆ కాలమున రక్తము తీయుట, విరేచనము లిచ్చుట మున్నగు చికిత్సలే గాని తగిన మందు లేదు. తన చేతిలోని రోగులు పలువురు మరణించుచున్నను బ్రైటు నిరుత్సాహపడలేదు. ఆ వృత్తాంతములను దాఁచనులేదు. కారణ మెఱుఁగనిదే నివారణము దొరకదు గదా!

1858 డిసెంబరు 16న ఈతఁడు హృద్రోగమున కాలధర్మము నొందెను. ఆ వ్యాధి చిరకాలము ఈతని పేరనే పిలువఁబడెను. అది పలు వ్యాధుల సముదాయమని తరువాత తేలుటచే ఆ పేరు మఱుగుపడెను. 1943లో హాలండునందు కోల్ఫు అను వైద్యుఁడు కృత్రిమ మూత్రపిండముతో రోగి రక్తమును శుభ్రపఱచెను. నేఁడును మూత్రపిండములు చెడినవో లేవో తెలిసికొనుటకు వైద్యులు తొలుత చేయు పరీక్షలలో మూత్రమున ఆ పదార్థము నరయుట యొకటి.

విద్యార్థులారా! బ్రైటు చేతనున్న సాధనములు చెంచాయు క్రొవ్వొత్తియు మాత్రమే. ఓర్పుతో చూచు కన్నులే వానికి విలువ నిచ్చెను.