చందమామ పుటను తీర్చిన చక్రపాణి

చక్రపాణి అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. ఆయన 1908 ఆగస్టు 5వ తేదీన తెనాలిలో జన్మించారు. హిందీ పండితులు వ్రజనందన శర్మ పెట్టిన కలంపేరే ఆయనకు శాశ్వతనామమైంది.

యౌవనంలోనే ఆయనకు క్షయవ్యాధి సోకింది. ఆ వ్యాధికి తగిన మందు ఇంకా కనుగొనని కాలమది. స్వచ్ఛమైన గాలి, బలమైన ఆహారం, పూర్తి విశ్రాంతి, ఇవే చికిత్స. 1932 ప్రాంతంలో ఆయన నాటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె శానిటోరియంలో చేరారు. పట్టణానికి చేరువన ఆరోగ్యవరంలో 1915లో వెలసిన వైద్యాలయమది. ప్రాణం దక్కుతుందో లేదో తెలియని ఆ రోజులలో, అక్కడ పరిచయమైన ఒక బెంగాలీవారి వద్ద చక్రపాణి ఆ భాష నేర్చుకున్నారు. కోలుకొన్న పిమ్మట శరత్ నవలలను తెనిగించారు. ఆ అనువాదాలు చదివి శరత్‌ను తెలుగు రచయితగానే భావించినవారు ఎందరో!

తరువాత మద్రాసులో బి. నాగిరెడ్డితో ఏర్పడిన స్నేహం ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. వారి విజయా సంస్థ చిత్రాలు జగద్విదితాలు. అంతకు ముందే, 1947 జూలైలో, వారిరువురూ చందమామను ప్రారంభించారు. తెలుగుతో పాటు తమిళంలో అది అంబులిమామగా వెలువడింది.

చందమామలో దాదాపు ప్రతి పుటలోను బొమ్మ ఉండేది. కథ చదువుతున్న పిల్లవాడు బొమ్మ కోసం పుట తిప్పనక్కరలేదు. చూడ ముచ్చటైన ఈ అమరిక వెనుక శ్రమ తక్కువది కాదు. సీసపు అక్షరాలను చేతితో పేర్చే పద్ధతిలో, బొమ్మ చెక్కిన లోహపు బ్లాకు పుటలో ఒక మూలను ఆక్రమిస్తుంది. దాని పక్కన వచ్చే వరుసలన్నింటినీ కంపోజిటరు కురచ కొలతకు పేర్చాలి; బ్లాకు ముగియగానే మళ్ళీ పూర్తి కొలతకు రావాలి. బ్లాకు కొలత మారినదా, పేర్చిన వరుసలన్నీ విప్పవలసిందే. పైగా తెలుగులో సంధి కలిసిన మాటలు పొడవైనవి. ఇరుకు వరుసలో అవి ఇమడక మాటల నడుమ వికారమైన ఖాళీలు ఏర్పడతాయి. అక్షరాల క్రింద వ్రేలాడే ఒత్తులకు కూడా చోటు విడవాలి. నేడు ఇన్‌డిజైన్ వంటి సాఫ్ట్‌వేర్‌లో ఒక్క ఆజ్ఞతో అక్షరాలు బొమ్మకు దారి ఇస్తాయి. అయినా ఆ ఖాళీల బెడద పూర్తిగా తీరలేదు.

చిత్రా, ఎం.టి.వి. ఆచార్య, వడ్డాది పాపయ్య, శంకర్ వంటి చిత్రకారులు ఆ పుటలకు శోభ కూర్చారు. 1952 నుండి కొడవటిగంటి కుటుంబరావు కథల భారం వహించారు. సరళమైన వాక్యం, దాని చెంతనే బొమ్మ: ఇదే చందమామ తీరు.

చక్రపాణి 1975 సెప్టెంబరు 24న మరణించారు. అప్పటికి చందమామ కన్నడం, హిందీ, మరాఠీ, గుజరాతీ తదితర భాషలకూ విస్తరించింది. అన్నింటా బొమ్మ ఒకటే. దాని పక్కన ఒదిగే లిపి మాత్రం వేరు.