భాగ్యరెడ్డివర్మగారు – కులపంచాయతులు

మన న్యాల్‌కల్ 1956వ సంవత్సరము వఱకు బీదరు తాలూకాలో జేరి, హైదరాబాదు రాష్ట్రముననే యుండెను. ఆ రాష్ట్రమునకు రాజధానియగు పట్టణమున, కచేరిమెట్లెక్కకయే తగవులు తీర్చుకొను త్రోవను తనవారికి జూపిన మహనీయుని చరిత్రమును సంగ్రహముగా విన్నవించుచున్నాము.

భాగ్యరెడ్డివర్మగారు 1888 మే 22వ తేదీన హైదరాబాదున మాలకుటుంబమున జన్మించిరి. తొలిపేరు మాదరి భాగయ్య. ఆ యింటి గురువగు శైవుడు, ఈ జాతివారు పూర్వము పాలకులని చెప్పి, భాగ్యరెడ్డి యని పేరు మార్చెను. రెడ్డి శబ్దము ఱేడు శబ్దమునుండి కలిగెనని యాతని వాదము. వ్యాకరణము చదివిన మాకు దీనిపై విచారము చేయ నుబలాటమున్నను, ఇది తగిన స్థలము కాదు. వర్మ యనునది 1913లో ఆర్యసమాజమువారి సత్కారము.

1906లో వారు జగన్మిత్రమండలిని స్థాపించిరి. పేటలలో భజనలు, హరికథలు నడపించిరి. త్రాగి కొట్టుకొనువారిని మొదటనే మందలింపబోయిన వారు మనమీదికే తిరుగుదురు. నలుగురు నొకచోట గూర్చుండి పాట వినుట కలవాటుపడిన పిదప హితవాక్యము చెవికెక్కును. భజనతో నారంభించుటయందలి మర్మ మిదియే యని మా తలంపు. 1911లో మన్యసంఘము వెలసెను. 1922లో నదియే ఆదిహిందూ సోషల్ సర్వీస్ లీగు అయ్యెను. పెండ్లిండ్లయందును ఉత్తరక్రియలయందును మద్యమాంసములు మానవలెనని వారు బోధించిరి. ఊరక నీతిగా మాత్రమే యనుకొనరాదు. మన పల్లెలలో పందిటికలహములు పెక్కులు కల్లుముంతతోనే పుట్టుట మేము బాల్యమునుండి చూచినదే.

వారి కార్యములలో మాకు మిక్కిలి ముఖ్యముగా దోచునది పంచాయతుల పునరుద్ధరణము. కులపంచాయతి పూర్వము లేకపోలేదు. కాని పలుచోట్ల తప్పు క్రింద దండుగ వేసి, ఆ సొమ్ముతో పెద్దలే కల్లు త్రాగెడివారని మా పెద్దలు చెప్పగా వింటిమి. అట్టి తీర్పు తగవును తీర్చదు, పెంచును. వర్మగారు తమవారి వివాదములు తమలోనే పరిష్కృతమగునట్లు ఆ పంచాయతులను సంస్కరింపబూనిరి. పేదవానికి కచేరి యన్న నప్పు. కూలి పోవును, పగ మిగులును. ఇరుగుపొరుగువారి సమక్షమున వాది ప్రతివాదు లిరువురును తలయెత్తుకొని యింటికి బోగల తీర్పే నిలుచును. బాలికలను దేవునిపేర విడుచు దురాచారమును గూడ వారు నిరసించిరి. ఇసామియాబజారు, లింగంపల్లి మొదలగు చోట్ల పాఠశాలలు పెట్టించిరి.

1917లో బెజవాడసభకు అధ్యక్షులై, పంచమనామమును త్రోసిపుచ్చి ఆదిఆంధ్రనామమును గ్రహింపజేసిరి. 1931 జనాభాలెక్కలలో నిజాము ప్రభుత్వము ఆదిహిందూనామమును అంగీకరించెను.

ఒక్కమాట దాచరాదు. పరుల తగవులు దీర్చిన యీ పెద్దకు స్వపక్షమున నైకమత్యము కుదుర్చుట సాధ్యము కాలేదు. అరిగె రామస్వామిగారు వేఱుసంఘము నడపిరి. మాల మాదిగల నడుమ నెడము తొలగలేదు. అది మిగిలియుండగనే 1939 ఫిబ్రవరి 18వ తేదీన, ఏబదియొకటవయేట, వర్మగారు పరమపదించిరి.