సర్ ఆర్థర్ కాటన్ - కోనసీమ పడవ కాలువలు

సర్ ఆర్థర్ థామస్ కాటన్ (మే 15, 1803 - జూలై 24, 1899) గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్టను నిర్మించిన ఆంగ్ల ఇంజనీరు. గోదావరి జిల్లాల రైతులు ఆయనను అపర భగీరథునిగా కొలుస్తారు. అయితే ఆయన తలపెట్టిన కాలువలు పైరుకు మాత్రమే కాదు, పడవలకు కూడా. వాటి మరమ్మత్తు, నిర్వహణల చరిత్ర ఆనకట్ట కథ వెనుక తరచు మరుగున పడుతుంటుంది.

తొలి జీవితం

కాటన్ ఇంగ్లాండులో జన్మించాడు. ఈస్టిండియా కంపెనీ వారి అడిస్కోంబు సైనిక విద్యాలయంలో చదివి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళానికి ఎంపికై, 1821లో మద్రాసు చేరాడు. ఉద్యోగపు తొలినాళ్ళలోనే పాంబన్ జలసంధిని నౌకల రాకపోకలకు అనువుగా చేయుటకు సర్వే జరిపాడు. 1824లో మొదలైన మొదటి బర్మా యుద్ధంలో కూడా పనిచేసాడు.

తరువాత కావేరి పనులు ఆయనకు అప్పగించబడ్డాయి. కొళ్ళిడం నదిపై ఆయన కట్టిన ఆనకట్టలు 1836లో పూర్తి అయ్యాయి. ఇసుక నేలపై కట్టడం నిలబెట్టే విద్యను ప్రాచీనులు కట్టిన కల్లణై నుండి గ్రహించాడు. ఈ ఋణాన్ని ఆయన దాచుకోలేదు. ఇది ఆయన వ్యక్తిత్వంలో మెచ్చదగిన గుణం.

ఆనకట్ట, కాలువలు

1833 నాటి కరువు, 1839 నాటి కోరంగి తుఫాను గోదావరి ప్రాంతాన్ని కృంగదీసాయి. కాటన్ 1845లో నివేదిక సమర్పించగా, 1847లో పని మొదలై 1852లో ముగిసింది. స్థానికులలో వీణెం వీరన్న ఆయనకు కుడిభుజంగా నిలిచాడు.

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ ఉన్న కోనసీమకు నీరు బొబ్బర్లంక వద్ద మొదలయ్యే కాలువ ద్వారా వస్తుంది. రాజోలు ప్రాంతం మాత్రం వైనతేయ పాయకు ఆవల ఉంది. అందుకు గన్నవరం వద్ద 49 ఖానాలతో అక్విడక్టు కట్టబడింది. ఆ పనిని నడిపినవాడు కాటన్ సహాయకుడైన హేగ్.

పల్లం ఎక్కువైన చోట పడవ దిగుటకు లాకులు నిర్మించారు. రెండు తలుపుల మధ్య తొట్టిలోనికి పడవను చేర్చి, వెనుక తలుపు మూసి, నీటిని మెల్లగా వదలితే పడవ దిగువ మట్టానికి చేరుతుంది. ఎగువకు పోవుటకు దీనికి విపర్యయం. ఆత్రేయపురం దగ్గరి లొల్ల లాకులు ఇందుకు ప్రసిద్ధి. ధాన్యం, కొబ్బరికాయలు గూడు పడవలలో సాగిపోయేవి. గాలి లేనప్పుడు గట్టు మీద నడుస్తూ మనుషులు తాడుతో లాగేవారు. డెల్టా కాలువలు ఏలూరు వద్ద కృష్ణా కాలువతో కలిసినందున, బకింగ్‌హాం కాలువ గుండా మద్రాసు దాకా జలమార్గం ఏర్పడింది.

నిర్వహణ

ఆనకట్ట రాతి నేలపై గాక ఇసుకపై నిలిచినది. వరదల తాకిడికి దిగువన పరచిన రాళ్ళు చెదరిపోగా తిరిగి వేయవలసి వచ్చేది. వేసవిలో కాలువలు కట్టివేసి పూడిక తీయుట, లాకు తలుపులు బాగుచేయుట జరిగేది. కొయ్య పడవలకూ ఇదే అవస్థ. వాటిని గట్టుకు లాగి, పలకల సందులలో నార కూరి, గుగ్గిలం కలిపిన నూనె పూయకపోతే నీరు చొరబడుతుంది. కొత్త కట్టడానికి వచ్చే పేరు మరమ్మత్తుకు రాదు; కాని డెల్టా బ్రతికినది మరమ్మత్తు వల్లనే.

చివరి దశ

కాటన్‌కు 1861లో నైట్ బిరుదు లభించింది. ఇంగ్లాండు చేరిన తరువాత కూడా భారతదేశానికి రైళ్ళ కన్న పడవ కాలువలే చవక అని వాదించి విమర్శలకు గురయ్యాడు. ఎగువ గోదావరిపై దుమ్ముగూడెం వద్ద చేపట్టిన జలరవాణా పనులు ఖర్చు పెరిగి 1871లో ఆగిపోయాయి. ఈ విషయంలో ఆయన అంచనా తప్పిందనే చెప్పాలి. అయితే 20వ శతాబ్దం అంతటా రైలు చేరని అమలాపురానికి ఆయన కాలువ ఎంతో కాలం బాటగా నిలిచింది. లారీలు పెరిగిన మీదట పడవలు తగ్గాయి, లాకులు చాలావరకు నీటి పంపిణీకే పరిమితమయ్యాయి.

కాటన్ 96 ఏళ్ళ వయస్సులో డార్కింగ్‌లో మరణించాడు. పాత ఆనకట్ట స్థానంలో 1982లో పూర్తయిన బ్యారేజికి ఆయన పేరు పెట్టారు. గన్నవరంలో పాత అక్విడక్టు పక్కన నిర్మించిన కొత్త దానికి, ఆ ఊరి అన్నదాత డొక్కా సీతమ్మ పేరు పెట్టారు.