అసలు తరగని విద్యానిధి

మల్లేశ్వరం దాటి యశ్వంతపూర్ వైపు వెళ్తుంటే పెద్ద చెట్ల నీడలో ఓ విశాలమైన ఆవరణ కనిపిస్తుంది. దాని పేరు భారతీయ విజ్ఞాన సంస్థ. బెంగళూరు పాతకాపులు మాత్రం ఇప్పటికీ టాటా ఇన్‌స్టిట్యూట్ అనే అంటారు. ప్రధాన భవనం ఎదుట విగ్రహమై నిలిచిన జంషెట్‌జీ టాటా ఆ భవనాన్ని కళ్లారా చూడలేదు. ఆయన పేరు చెప్పగానే మన పిల్లలకు ఉక్కు కర్మాగారం గుర్తొస్తుంది. మనం ఈరోజు ఆయన చేసిన మరో పనిని గుర్తుచేసుకుందాం. డబ్బు లేక పైచదువు ఆగిపోకూడదని ఆయన ఒక నిధిని నిలబెట్టారు. వైద్యవిద్యకు అందులో మొదటి నుంచీ చోటుంది.

జంషెట్‌జీ 1839 మార్చి 3న గుజరాత్‌లోని నవసారిలో, పార్సీ పూజారుల వంశంలో పుట్టారు. పార్సీలు ఈ దేశంలో గుప్పెడుమంది. తక్కువ సంఖ్యలో ఉన్నవారికి చదువే ఆస్తి అన్న సంగతి ఆ ఇళ్లలో అందరికీ తెలుసు. ఆయన బొంబాయిలోని ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో 1858లో చదువు ముగించారు. 1868లో 21 వేల రూపాయలతో సొంత వ్యాపారం మొదలుపెట్టారు. 1877లో నాగపూర్‌లో ఎంప్రెస్ మిల్లు తెరిచారు.

డబ్బు వచ్చాక దానధర్మాలు చేసేవారు ఎందరో ఉంటారు. జంషెట్‌జీ దానం తీరు వేరు. 1892లో ఆయన జె.ఎన్. టాటా ఎండోమెంట్ పేరుతో ఉన్నత విద్యానిధిని నెలకొల్పారు. పట్టభద్రులైన ప్రతిభావంతులు విదేశాల్లో పైచదువులు చదవడానికి అది సాయం చేస్తుంది. అయితే ఆ సాయం ఉచితం కాదు, అప్పు. చదువు పూర్తయి సంపాదన మొదలయ్యాక తిరిగి కట్టాలి. అలా వచ్చిన డబ్బు తర్వాతి విద్యార్థికి వెళ్తుంది. తీసుకున్నవారికి చేయి చాచామన్న చిన్నతనం ఉండదు, నిధికి తరుగు ఉండదు.

ఆ నిధి సాయం అందుకున్న తొలివారిలో ఫ్రేనీ కామా అనే వైద్యురాలు ఒకరు. ఆడపిల్ల బడికి వెళ్లడమే అరుదైన రోజులవి. స్త్రీల వైద్యంలో పైచదువు కోసం ఒక యువతిని సముద్రాలు దాటించడానికి ఎంత నమ్మకం కావాలో ఆలోచించండి. పరదాల చాటున పురుష వైద్యుడికి చూపించుకోలేక ప్రాణాలు వదిలిన తల్లులెందరో ఉన్న కాలంలో ఆ ఎంపికకు చాలా విలువ ఉంది.

మరో సంగతి మనలాంటి అల్పసంఖ్యాకుల బడులు ప్రత్యేకంగా గమనించాలి. నిధి తొలుత పార్సీ విద్యార్థుల కోసమే ఏర్పడింది. కొద్ది కాలానికే జంషెట్‌జీ దాని తలుపులు భారతీయులందరికీ తెరిచారు. తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయిన కె.ఆర్. నారాయణన్, కర్ణాటకలో పుట్టిన అణుశాస్త్రవేత్త రాజా రామన్న టాటా విద్యార్థివేతనంతో పైచదువులు చదివినవారే.

కొందరిని విదేశాలకు పంపితే సరిపోదు, పరిశోధన మన గడ్డ మీదే జరగాలన్నది ఆయన తర్వాతి ఆలోచన. అందుకోసం సుమారు 30 లక్షల రూపాయల విలువైన బొంబాయి ఆస్తులు ఇస్తానన్నారు. ఆస్తులు అలాగే ఉంటాయి, వాటి మీద వచ్చే రాబడితో సంస్థ నడుస్తుంది. ఆ ప్రణాళికలో సాంకేతిక శాస్త్రాలతో పాటు వైద్య విభాగం కూడా ఉంది. అప్పటికి బొంబాయిని ప్లేగు పీడిస్తోంది. 1898లో అది బెంగళూరుకూ పాకింది. ఆ ఏడాది చివరి రోజునే ప్రణాళిక, వైస్రాయ్ కాబోతున్న కర్జన్ ముందుకు వెళ్లింది.

కర్జన్‌కు సందేహాలున్నాయి. అంత పైచదువుకు విద్యార్థులు వస్తారా, వచ్చినా వారికి ఉద్యోగాలు దొరుకుతాయా అన్నారు. రసాయన శాస్త్రవేత్త విలియం రామ్సే దేశమంతా తిరిగి చూసి బెంగళూరు అనువైన చోటని చెప్పారు. దివాన్ శేషాద్రి అయ్యర్ చొరవ చూపారు. మైసూరు సంస్థానం 371 ఎకరాల భూమి ఇచ్చింది. అయినా ప్రభుత్వ అనుమతి ఏళ్ల తరబడి నలిగింది. 1904 మే 19న జర్మనీలో జంషెట్‌జీ కన్నుమూశారు.

తండ్రి పోయాక ఆస్తి పంచుకుంటామని కొడుకులు అని ఉంటే కథ అక్కడితో ముగిసేది. దొరాబ్జీ, రతన్‌జీ ఆ మాట అనలేదు. తండ్రి ఇచ్చిన మాట నిలబెట్టారు. 1909లో సంస్థ ఏర్పడింది, 1911లో తొలి విద్యార్థులు చేరారు. వైద్య విభాగం మాత్రం అప్పుడు రాలేదు. వందేళ్లకు పైగా గడిచాక, 2022లో, బాగ్చీ, పార్థసారథి దంపతులు ఇస్తామన్న 425 కోట్ల రూపాయల విరాళంతో అదే ఆవరణలో ఆసుపత్రి, పీజీ వైద్య కళాశాల పథకం మొదలైంది.

మన తెలుగువారికీ ఇలాంటి ఉదాహరణ ఉంది. భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు 1920లలో అమెరికాలో పైచదువుకు వెళ్లగలిగారంటే, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ఛారిటీస్ ఇచ్చిన హామీ, మామగారు సమకూర్చిన డబ్బు కారణం. తర్వాత ఆయన చేసిన పరిశోధనలు ఫోలిక్ ఆమ్లం తయారీకి, క్యాన్సర్ మందులకు బాట వేశాయి.

ఇక మన సంగతి. తెలుగు బడుల్లో చదివిన పిల్లలు ఎంబీబీఎస్ దాకా వచ్చి, పీజీ ముందు ఆగిపోవడం మనకు కొత్త కాదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురు చదువుతుంటే ఏ తండ్రి మాత్రం ఎంతని తెస్తాడు? ఏటా వార్షికోత్సవానికి చందాలు వసూలు చేస్తాం, ఖర్చు పెట్టేస్తాం. అందులో కొంత భాగాన్ని ట్రస్టు పేరిట బ్యాంకులో వేసి, అసలు ముట్టకుండా ఉంచితే? ఏడు శాతం వడ్డీ అనుకున్నా పది లక్షల మీద ఏడాదికి 70 వేలు వస్తాయి. పీజీ ఫీజుకు అది చాలదు. కానీ ప్రవేశ పరీక్ష ఫీజుకు, పుస్తకాలకు, కోచింగ్‌కు ఒకరిద్దరికి సరిపోతుంది. తీసుకున్నవారు డాక్టర్లయ్యాక తిరిగి కడితే, మూడో పిల్లకూ నాలుగో పిల్లవాడికీ అందుతుంది. లెక్కలు ఏటా తల్లిదండ్రుల ముందు పెట్టాలి. నమ్మకం లేనిచోట నిధి పెరగదు.

టాటాల ఆస్తి మనకు లేదు. కానీ అసలును కాపాడుకోవడం, తీసుకున్నది తిరిగివ్వడం, మన పిల్లలతో మొదలుపెట్టి అందరికీ తలుపు తెరవడం అనే మూడు పద్ధతులూ ఏ బడికైనా సాధ్యమే. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో ఈ మాట ఎత్తి చూద్దాం.